తెల్లని యంచు

ఇటీవల మా మనుమరాలికి చీర కొనవలసి వచ్చి, ఆమెను వెంటబెట్టుకొని మా పట్టణములోని యొక బట్టల దుకాణమునకు పోయితిని. దుకాణము మిక్కిలి పెద్దది. లోన అడుగు పెట్టగనే మమ్ము పఱుపుమీద కూర్చుండబెట్టి మంచినీ రిచ్చిరి. మా మనుమరాలు తనకు కావలసినది రెండు ముక్కలలో చెప్పినది: నూలుచీర, లేత రంగు, వ్రేలెడు వెడల్పున సాదా అంచు. అక్కడి పనివాడు విని తల యూపెను. తల యూపి, జరీ యంచుల పట్టుచీరలను ఒకదాని వెనుక నొకటిగా విప్పి మా ముందు పఱచుటకు మొదలుపెట్టెను.

"ఇప్పుడు అందఱును దీనినే తీసికొనుచున్నారు, మాస్టారూ! నిన్న నొక్కదినమే పది చీరలు పోయినవి" అని యొకదానిని పొగడెను.

"తాతయ్యా, నే నడిగినది ఇది కాదు గదా!" అని మా మనుమరాలు నా చెవిలో ననెను.

అరగంట గడచెను. మా ముందు చీరలు గుట్టవలె పెరిగినవి. ఆమె యడిగిన చీర మాత్రము ఆ గుట్టలో లేదు. ఆ దుకాణమున ఏ సరకు నిలువ పడియున్నదో, దేనిమీద లాభ మెక్కువయో మాకు చక్కగా బోధపడినది. చివరకు ఏమియు కొనక లేచితిమి. నలువది చీరలను మరల మడతపెట్టవలసిన ఆ పిల్లవానిని చూచి జాలి కలిగినదే కాని కోపము రాలేదు. వాడు తన యజమాని నేర్పిన పాఠమును అప్పగించెను, అంతే.

ఇంటికి వచ్చుచుండగా త్రోవలో నాకొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చినది. అదియు బట్ట యంచును గూర్చినదే. నాలుగు వందల యేండ్ల నాటిది. మన సముద్రతీరమునకు సంబంధించినది.

క్రీ. శ. 1611 వ సంవత్సరమున 'గ్లోబ్' అను నొక ఆంగ్లేయుల యోడ మన తీరమునకు వచ్చెను. అది ఈస్టిండియా కంపెనీవారిది. ఆ కంపెనీ స్థాపింపబడి అప్పటికి పదేండ్లు దాటినది. ఆ యోడ నిజాంపట్టణమున ఆగి, అచ్చటినుండి మచిలీపట్టణము చేరినది. నిజాంపట్టణమును అప్పటి పరదేశీయులు పెట్టపోలి యని పిలుచుచుండిరి. ఆ ప్రాంతమునకు నాడు గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానులు ప్రభువులు. డచ్చివారు అంతకు ఆఱేండ్ల ముందే, 1605 లో, మచిలీపట్టణమున కాలూని వ్యాపారము సాగించుచుండిరి.

ఐరోపావారు ఇన్ని వేల మైళ్లు సముద్రము నీదుకొని వచ్చినది ముఖ్యముగా మిరియములకొఱకును, లవంగములకొఱకును, జాజికాయకొఱకును. ఇందులో లవంగములు, జాజికాయలు అప్పుడు తూర్పు సముద్రమునందలి మొలక్కా, బాందా ద్వీపములలో మాత్రమే పండుచుండెను. వానిని కొనుటకు ఏమి యీయవలెను? ఆంగ్లేయులకు గర్వకారణమైన సరకు ఉన్నిబట్ట. కాని భూమధ్యరేఖకు దాపున, ఏడాది పొడుగునను ఉక్కపోయు ఆ దీవులలో ఉన్నిబట్ట కప్పుకొనువా డెవడు? వెండి నాణెములు కొంతవఱకు చెల్లెడివి. కాని ఆ దీవులవారు మనసుపడి కోరినది మన తీరపు నూలుబట్ట. తెలుగు, తమిళ నాడుల తీరమందలి సాలెలు నేసి, అద్దకమువారు రంగులు వేసిన బట్ట. అది లేనిదే అచ్చట బేరము సాగదు. హెండ్రిక్ బ్రౌవర్ అను డచ్చి అధికారి 1612 లో స్వదేశమునకు వ్రాయుచు, కోరమాండల్ తీరము మొలక్కా దీవులకు ఎడమచేయి వంటిదని చెప్పెను. ఆ బట్టలు లేకున్న మొలక్కాలో వర్తకము చచ్చినట్లే యని ఆయన భావము.

గ్లోబ్ ఓడలోని వర్తకులలో ముఖ్యుడు పీటర్ ఫ్లోరిస్. పుట్టుకచే డచ్చివాడు, అంతకు ముందు డచ్చివారి కొలువులో నుండి తూర్పుదేశముల వ్యాపారమును ఎఱిగినవాడు. కనుకనే ఆంగ్లేయులు ఏరి కోరి ఆయనను తెచ్చుకొనిరి. మన తీరమున బట్టలు సేకరించి ఓడ కెక్కించి, 1612 లో ఆయన మలయా ద్వీపకల్పమునందలి పటానీ రేవు చేరెను. పటానీ యిప్పుడు థాయిలాండు దేశపు దక్షిణ భాగమున నున్నది. అప్పుడు దానిని ఒక రాణి యేలుచుండెను. చీనా, జపాను, జావా దేశముల వర్తకులు కలసికొను గొప్ప రే వది.

అక్కడ ఫ్లోరిస్ మూటలు విప్పెను. బట్ట మంచిదే. నేత గట్టిది. రంగు ఉతికినను పోనిది. అయినను ఆయన తెచ్చిన బట్టలు ఆయన తలచినట్లు అమ్ముడుపోలేదు. కారణమేమని విచారింపగా, ఆ బట్టల అంచున సన్నని తెల్లని గీత యొకటి యున్నది. మలయా ప్రజలు కట్టుకొను అసలైన బట్టకు ఆ తెల్లని యంచు ఉండరాదు. ఇది పెద్ద పొరపాటైనదనియు, ఇప్పుడు అనుభవముచేత తెలిసికొంటిననియు ఫ్లోరిస్ తన దినచర్యలో వ్రాసికొనెను.

చదువరులకు ఇది చిన్న విషయముగా తోచవచ్చును. గీతంత తెలుపునకు ఇంత పట్టుదలయా అని నవ్వు రావచ్చును. కాని మన యిండ్లలోని సంగతి చూడుడు. క్రొత్తబట్ట కట్టుకొనుటకు ముందు మనము దాని మూలకు పసుపు పెట్టుదుము. ఎఱుగని పరదేశి దానిని మరక యనుకొని, మరకలేని బట్టయే మంచిది గదా యని మనకు బోధింపజూచును. మన వివాహములలో వధువుచేత మధుపర్కములు కట్టింతుము. ఆ తెల్లబట్టకు ఎఱ్ఱని యంచు లేకున్న పెద్దలు ఒప్పుదురా? 'బట్ట గట్టిది, రంగు పోదు, చౌకగా నిత్తును' అని వర్తకుడు ఎంత మొత్తుకొన్నను వారికి పట్టదు. బట్ట కొనువాడు బట్టను మాత్రమే కొనుట లేదు. దానిని కట్టుకొని నలుగురిలో నిలువబడవలెను. ఆ నలుగురిని అమ్మువాడు చూచియుండలేదు.

ఫ్లోరిస్‌కు ఈ సంగతి తెలిసినది. తెలిసికొనుటకు ఒక సముద్రము దాటవలసి వచ్చినది. మఱి పటానీని కలలోనైన చూడని మన తీరపు అద్దకమువారు ఇన్ని దేశములవారి మనసును ఎట్లు పట్టుకొనిరి? నాకు ఆశ్చర్యము కలిగించున దిదియే.

సయాము దేశపు ఉదాహరణము తీసికొందము. అయోధ్య యనబడు నాటి సయాము రాజధానిలో, రాజభవనమునందు ధరించుటకును, రాజు సన్మానించినవారికి బహూకరించుటకును ప్రత్యేకమైన చిత్రవస్త్రములు కావలసియుండెను. అందు చేతులు జోడించిన దేవతామూర్తులు, జ్వాలలవలె పైకెగయు ఆకులు, నక్షత్రములవంటి గళ్లు ఉండవలెను. ఆ దేశమువారు తమ చిత్రములను గీయించి మన తీరమునకు పంపుచుండిరి. మనవారు వానిని మచ్చుగా పెట్టుకొని బట్టపై దింపుచుండిరి. సాలెపేటలో కూర్చున్న వానికి ఆ దేవత యెవరో తెలియదు. ఆ మకుటము మన దేవతల కిరీటమువంటిది కాదు. అయినను, ఇది బాగులేదు, మా వేణుగోపాలస్వామి కిరీటము వేయుదుమని వాడు మార్చలేదు.

పారశీకమునకు పోవు బట్టలలో మిహ్రాబు తోరణములును, సరుగుచెట్టువలె నిటారుగా నుండు సైప్రస్ వృక్షములును ఉండెను. కలంకారీ యను పేరే పారశీకభాషా పదము. కలముతో చేయు పని యని దాని యర్థము. సులవేసి ద్వీపపు కొండలలోని తొరాజా జాతివారు మన దేశపు బట్టలను కట్టుకొని చింపివేయలేదు. వంశపు ఇండ్లలో పవిత్రవస్తువులుగా దాచి, పండుగలయందును, ఉత్తరక్రియలయందును మాత్రమే పైకి తీసిరి. అట్టి వస్త్రములు కొన్ని శతాబ్దములు దాటి నేటికిని నిలిచియున్నవి. ఇక జపానువారి సంగతి మఱియు చిత్రము. డచ్చివారు నాగసాకి రేవునకు చేర్చిన మన బట్టను వారు 'సరస' యనిరి. జానెడు, బెత్తెడు ముక్కలుగా కత్తిరించి, తేనీటి సమారాధనమున వాడు పాత్రలకు సంచులు కుట్టుకొనిరి. వారికి నిండుచీర అక్కఱలేదు. చిన్న ముక్కలోనే ముచ్చటగా కనబడు పువ్వు కావలెను.

ఈ సమాచారమంతయు మధ్యవర్తుల నోట, మచ్చుతునకల రూపమున మన పల్లెలకు చేరెడిది. ఓడ వెళ్లి, సరకు అమ్మి, తిరిగి వచ్చునప్పటికి ఏడాదియో, రెండేండ్లో పట్టును. ఈసారి అంచు తెల్లగా నుండరాదట, వెడల్పు జానెడు పెరుగవలెనట యని ఆ యోడతో కబురు వచ్చును. దానిని విని మగ్గము సవరించుకొనుట సామాన్యమైన పని కాదు.

ఆ పని యెంత శ్రమతో కూడినదో కొంచెము చెప్పెదను. మొదట బట్టను ఉతికి, గంజి పోగొట్టి, కరక్కాయ కషాయమును గేదెపాలను కలిపిన నీటిలో ముంచి ఎండబెట్టవలెను. పాలలోని క్రొవ్వు రంగును చెదరిపోనీయదు. నలుపు గీతలకు ఇనుపముక్కలను బెల్లపునీటిలో నానవేసి పులియబెట్టిన రసము వాడుదురు. ఎఱుపు రావలసిన చోట పటికనీటితో వ్రాయుదురు. పిమ్మట బట్టను చిరివేరు రసమున కాచుదురు. పటిక పడిన చోట ఎఱుపు పట్టి, ఇక ఎన్ని ఉతుకులకైన పోదు. కృష్ణా ముఖద్వారపు ఇసుకనేలలలో దొరకు చిరివేరు ఎఱుపునకు ప్రసిద్ధి. నీలిరంగు కావలసినచో తక్కిన భాగమంతయు మైనముతో కప్పి నీలి తొట్టిలో ముంచుదురు. ప్రతి రంగునకును నడుమ ఉతుకవలెను, ఎండబెట్టవలెను. పాఱు నీరు, మంచి యెండ రెండును లేనిదే ఈ పని సాగదు. టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమున తిరిగి, మచిలీపట్టణపు కలంపనిని మెచ్చుకొనుచునే, అది అందఱి కోరికకు చాలినంతగా దొరకుట లేదని వ్రాసెను.

ఇంత శ్రమ పడి సాధించిన ఎఱుపు మనవారికి ప్రాణము. ఆ యెఱుపు నేలపై పువ్వులు దిద్దుటయే వారికి అలవాటు. ఇక్కడ మఱొక కథ మొదలగును.

1643 లో లండనులోని కంపెనీ డైరెక్టర్లు సూరతులోని తమ ఉద్యోగులకు ఒక లేఖ వ్రాసిరి. పడమటి తీరమునుండి తమకు చేరుచున్న చిత్రపు దుప్పట్లను గూర్చిన లేఖ యది. వానిలో పెక్కింటికి నేల దిగులు పుట్టించు ఎఱుపుగా నున్నదనియు, అది కొనువా రందఱికిని నచ్చుట లేదనియు, ఇకమీదట నేల తెల్లగా నుండి, నడుమ పువ్వులు, కొమ్మలు రంగులలో నుండవలెననియు వారు కోరిరి. ఆ లేఖలో నాకు మిక్కిలి నచ్చిన మాట మఱొకటి కలదు. పువ్వులును కొమ్మలును చిత్రకారుని ఇష్టమునకే విడిచిరి.

ఈ రెండు కోరికలను వేఱువేఱుగా చూడవలెను. నేల తెల్లగా నుండవలెననుట కొనువాని మాట. ఇంగ్లండులో వెలుతురు తక్కువ, చలికాలము దీర్ఘము. అట్టి యింటిలో మంచముపై ముదురెఱుపు దుప్పటి మఱింత చీకటిగా కనబడునని మనము ఊహింపవచ్చును. సూరతునకుగాని, మచిలీపట్టణమునకుగాని ఆ చీకటి తెలియదు, చెప్పవలసినది కొనువాడే. కాని ఆ తెల్లని నేలపై తీగ యెటు వంగవలెను, మొగ్గ యెచ్చట విచ్చవలెను అనునది లండనులో కూర్చున్న డైరెక్టరునకు తెలియదు. అది చిత్రకారుని చేతిలోని విద్య. కొనువాని కోరికను మన్నించుట యనగా తన విద్యను గంగలో కలుపుకొనుట యని కొందఱు నేర్పరులు అలుగుదురు. వారు ఈ లేఖను చూడవలసినది.

తెలుపు సులభమైన రంగని యెవరును భ్రమపడవలదు. చిరివేరు రసమున కాచినప్పుడు, పటిక పడని చోటను కొంత మాలిన్యము పట్టును. దానిని పోగొట్టుటకు బట్టను పేడనీటిలో నానబెట్టి, ఎండలో పఱచి, మాటిమాటికి నీరు చల్లుచు, కొన్ని దినములు కాపు కాయవలెను. అనగా కొనువాడు కోరిన తెలుపు, చేయువానికి అదనపు పని. మా యెఱుపునకు ఏమి లోటని వారు వాదించియుండవచ్చును. వాదించిరో లేదో కాని, ఆ తరువాతి కాలమున మన తీరమునుండి ఇంగ్లండు, హాలండు దేశములకు పోయిన గొప్ప పలంపోరులు తెల్లని నేలవే. రాతిగుట్టనుండి పుట్టి, కొమ్మలు సాచి, ఒక్కొక్క కొమ్మకు ఒక్కొక్క జాతి పువ్వు పూసిన వింతచెట్టు వానిలో కనబడును. అట్టి చెట్టు మన తోటలలో లేదు. ఇంగ్లండు తోటలలోను లేదు. కొంత పారశీకము, కొంత చీనా, కొంత ఆంగ్లేయుల కుట్టుపని, తక్కినది మన చేతి వంపు కలసి పుట్టిన చెట్టది. శామ్యూల్ పెపిస్ అను లండను ఉద్యోగి 1663 లో తన భార్య గది గోడలకు కట్టుటకు చిత్రించిన భారతీయ వస్త్రము కొన్నట్లు దినచర్యలో వ్రాసికొనెను. కొలది కాలములోనే ఆ బట్ట గోడలు, మంచములు దాటి, స్త్రీల దుస్తులయ్యెను.

ముప్పది యేండ్లు పాఠము చెప్పిన నేనును ఈ విషయమున నిర్దోషిని కాను. నాకు ప్రియమైన సమాసములను గంటసేపు విడదీసి చూపి, పిల్లలకు నిత్యము అక్కఱపడు అర్జీ వ్రాయు పద్ధతిని పది నిమిషములలో ముగించిన దినములు కలవు. ఇది చెప్పుకొని ముందునకు సాగెదను.

ఇంగ్లండులోని పట్టు, ఉన్ని నేతగాండ్రకు ఈ బట్టల గిరాకి కంటగింపయ్యెను. వారి యాకలి నిజమైనదే. దానిని మనము తేలికగా తీసివేయరాదు. పని లేక కుటుంబములు పస్తులున్నవి. కాని వారు పట్టిన మార్గము, కొనువారు కోరునట్టి బట్టను తాము నేయుట కాదు. వేఱొకటి కొనకుండ కొనువారిని కట్టిపడవేయుట. 1700 లో చేసిన చట్టము భారత, పారశీక, చీనా దేశముల చిత్రవస్త్రములను ఇంగ్లండున వాడరాదని నిషేధించెను. అయినను వాడుక ఆగలేదు. 1719 లో లండనులోని స్పిటల్‌ఫీల్డ్సు నేతగాండ్రు వీధులలో తిరిగి, అద్దకపు నూలుబట్ట కట్టుకొన్న స్త్రీల దుస్తులను చింపిరి. కొందఱిపై ద్రావకము పోసిరి. పిమ్మట 1721 లో మఱింత కఠినమైన చట్టము వచ్చినది. ఫ్రాన్సులో 1686 మొదలు 1759 వఱకు ఇట్టి నిషేధమే యుండెను. డెబ్బదిమూడేండ్లు రాజశాసనము ఒకవైపు, స్త్రీల మనసు ఒకవైపు! ఆ డెబ్బదిమూడేండ్లును దొంగతనముగా ఆ బట్ట ఫ్రాన్సున అమ్ముడుపోవుచునే యున్నది. ఇంగ్లండు చట్టమును 1774 లో సడలించిరి. అప్పటికి ఆ దేశమువారే నూలుబట్టపై అద్దకము నేర్చుకొనిరి. వారు మొదట అద్దినవి మన పువ్వులకు అనుకరణములే.

ఇంతవఱకు చెప్పినది మనవారి ఘనత. ఇప్పుడు చెప్పబోవునది కొంత కష్టమైన సంగతి.

1866 లో లండనున జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అను నాయన యొక విచిత్రమైన గ్రంథమును సిద్ధము చేసెను. అది పదునెనిమిది సంపుటములు. అందు కాగితముకంటె బట్ట యెక్కువ. భారతదేశపు నలుమూలలనుండి వచ్చిన బట్టలనుండి కత్తిరించిన ఏడు వందల మచ్చుతునకలను అందు అంటించిరి. ప్రతి తునకకును ఊరు, పొడవు, వెడల్పు, బరువు, వెల మొదలగు వివరములు వ్రాసిరి. అట్టివి ఇరువది ప్రతులు తయారైనవి. పదుమూడు బ్రిటనులోను, ఏడు భారతదేశములోను ఉంచిరి.

ఎందుకీ శ్రమ? లాంకషైరు మిల్లుల యజమానులు తమ యంత్రములకు అనువైన బట్టను నేసి మన దేశమునకు పంపుచుండిరి. అది చౌక. అయినను మన దేశపు బట్టల వ్యాపారమంతయు వారి చేతికి చిక్కలేదు. వాట్సన్ దానికి కారణము చెప్పెను. ఈ దేశపు స్త్రీపురుషులు కట్టుకొను బట్ట చాలవఱకు కుట్టినది కాదు. మగ్గమునుండి దిగినది దిగినట్లే కట్టుకొందురు. చీరకు ఇంత పొడవు, పంచెకు ఇంత వెడల్పు, తలపాగకు ఇంత పలుచదనము ఉండవలెను. అంచు, చెఱగు నేతలోనే రావలెను. ఇది యెఱుగక వేలకొలది గజముల సాదాబట్ట పంపిన ప్రయోజనము లేదు. కనుక మిల్లువారు ఈ సంపుటములు తెఱచి, ఏ ప్రాంతమువారు ఏమి కోరుదురో తునకను తాకి తెలిసికొనవలెను. ఆయన యాలోచన అది.

సయాము రాజు పంపిన చిత్రమును చూచి మన అద్దకమువాడు చేసినది యేదో, మన సాలె నేసిన చీర ముక్కను చూచి లాంకషైరు యజమాని చేయబూనినదియు అదియే. విద్య మనది, అది ఎదుటివాని చేతికి పోయినది. ఆ సంపుటములను తలచుకొన్నప్పుడెల్ల నాకు మనస్సు కలతపడును. అందలి ప్రతి తునకయు ఎవరో ఒక సాలె, తన ఊరి ముత్తైదువు మనసెఱిగి నేసిన అంచు.

అయితే మన నేతగాండ్రు కొనువారి మాట వినుట మానిరి గనుక చెడిపోయిరని యెవరైన అన్నచో నేను ఒప్పుకొనను. వా రెన్నడును మానలేదు. యంత్రపు నూలు వెల పడిపోయినది. రాజ్యము కంపెనీ చేతికి వచ్చిన పిమ్మట బయానా యిచ్చి, వేఱొకరికి అమ్మరాదని నేతగానిని కట్టడి చేసిరి. అమ్ముకొను స్వేచ్ఛ లేనివానికి పదిమంది కొనువారి మనసు తెలిసియు ప్రయోజన మేమి? ఒక్క కొనువాడే మిగిలినప్పుడు వాడు చెప్పినదే వెల.

అయినను చేతిపని అంతరించలేదు. చీరాల సాలెలు నూలునకు నూనె పట్టించి నేసిన 'తేలియా రుమాలు' ఇరువదవ శతాబ్దమునను అరబ్బుదేశములకు ఓడలలో పోయినది. ఆ నూనె నూలు మెత్తగా నుండి, మండుటెండలో తలకు చల్లన యని అచ్చటివారు దానిని తలగుడ్డగా కోరిరి. ఆ విద్య తెలంగాణలోని పుట్టపాకలో నేటికిని నడచుచున్నది. మచిలీపట్టణము దాపుననున్న పెడనలో టేకుచెక్క అచ్చులతో కలంకారీ అద్దకము నేటికిని సాగుచున్నది.

దుకాణమునుండి ఉత్తచేతులతో వచ్చిన నెలకు, మా మనుమరాలిని పెడన తీసికొనిపోయితిని. ఒక పాక వంటి చావడిలో అద్దకము జరుగుచున్నది. పొడవైన బల్లలపై గోనెపట్టాలు పఱచి, వానిపై బట్ట లాగి కట్టిరి. పనివాడు అచ్చును రంగులో అద్ది, బట్టపై నుంచి, అఱచేతితో ఒక్క దెబ్బ వేయును. జరిపి మఱొక దెబ్బ. ఆ చప్పుడు తప్ప అచ్చట మఱొక చప్పుడు లేదు. నడుమ నిలుచున్న పెద్దాయన మమ్ము చూచి, "రండి మాస్టారూ" అని బల్ల చూపి, మా మనుమరాలివైపు తిరిగి, "ఏమి కావలెనమ్మా?" అని యడిగెను. ఒక్క బట్టయు విప్పలేదు.

ఆమె చెప్పినది. నూలుచీర, లేత రంగు, సన్నని యంచు.

"సన్నమనగా ఎంత?"

ఆమె చూపుడువ్రేలు చూపినది. ఆయన తన వ్రేలు ప్రక్కన పెట్టి చూచుకొని, "నా వ్రేలు లావు. నీ వ్రేలే కొలత" అని నవ్వి, చెవిపై నున్న పెన్సిలు తీసి గోడకు వ్రేలాడు పుస్తకమున ఏదో గుర్తు వేసికొనెను. "నేల తెలుపా, మీగడ రంగా?" అని మరల అడిగెను. తెలుపు అనినది. తెలుపైన నాలుగు దినములు ఎక్కువ పట్టుననియు, ఈ వారము మబ్బుగా నున్నదనియు చెప్పెను. సరే యంటిమి.

"మఱి నడుమ పువ్వు?" అని నేను అడిగితిని.

ఆయన నావైపు చూడలేదు. గోడప్రక్కన అటుకలపై వందలకొలది అచ్చులు పేర్చియున్నవి. కొన్ని అంచులు విఱిగి, కొన్ని రంగు పట్టి నల్లబడి యున్నవి. ఆయన నిచ్చెన జరిపి, రెండు మెట్లెక్కి, ఒక అచ్చును తీసి దుమ్ము ఊది చూచి, తల యడ్డముగా ఆడించి మరల పెట్టివేసెను. మఱొకటి తీసెను.